జూనో వేషం కట్టిన మనిషి

నాటకంలో అమ్మ వేషం ఇచ్చారంటే ఇక హీరోయిన్ తలుపు మూసుకున్నట్టేనని మా పరిషత్తు నాటకాల రోజుల్లో ఆడవాళ్లం అనుకునేవాళ్లం. నాకు ముప్పై దాటకముందే ఆ తలుపు మూసుకుంది. తలకి తెల్లరంగు పూసుకుని, నాకంటే పెద్దవాడైన కొడుకుని "నాయనా" అని పిలుస్తూ ఊళ్లు తిరిగాను. ఆ వేషాల్ని నేను చిన్నచూపు చూడకుండా చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లలో ఒకరు నేను పుట్టకముందే పోయిన ఐరిష్ నటి సారా ఆల్గుడ్.

ఆవిడ బతుకు చదివినవాళ్లకి ఒక మాట వెంటనే తోస్తుంది. బిడ్డ పుట్టీ పుట్టగానే పోయింది, అదే ఏడాది భర్తా పోయాడు, ఆ దుఃఖాన్నే తల్లి పాత్రల్లో పోసిందీ అని. వినడానికి బాగానే ఉంటుంది. స్టేజి ఎక్కినవాళ్లెవరూ అంత తేలిగ్గా నమ్మరు. నేను నమ్మను.

సారా 1880 ప్రాంతంలో డబ్లిన్ నడిబొడ్డున, మిడిల్ ఆబీ వీధిలో పుట్టింది. తండ్రి అచ్చాఫీసులో కంపోజిటరు, ప్రొటెస్టెంటు. తల్లి కాథలిక్కు. ఆనాటి ఐర్లండులో ఒకే పొయ్యి చుట్టూ ఈ రెండు మతాలూ ఉండటం చిన్న విషయం కాదు. తండ్రి త్వరగా పోయాడు, ఇంటినిండా పిల్లలు. సారా కుర్చీలకీ సోఫాలకీ గుడ్డ బిగించే పనిలో శిష్యరికానికి చేరింది. సాయంత్రం పూట 'ఐర్లండు కూతుళ్లు' అనే ఆడవాళ్ల సంఘానికి వెళ్లేది. దాన్ని 1900లో పెట్టింది మాడ్ గాన్. కవి యేట్స్ ఏళ్ల తరబడి ప్రేమించి భంగపడ్డది ఆవిణ్నే. ఐరిష్ భాష, చరిత్ర, నాటకం అక్కడ నేర్పేవారు. నాటకం నేర్పేది విల్లీ ఫే.

విల్లీ కరెంటు పని చేసేవాడు. అన్న ఫ్రాంక్ ఒక లెక్కల ఆఫీసులో ఉద్యోగి. పగలంతా ఉద్యోగం, రాత్రి రిహార్సలు. మన దగ్గర బ్యాంకు గుమాస్తాలూ టీచర్లూ నాటకాలు వేసినట్టే. ఈ అన్నదమ్ముల పద్ధతి మాత్రం ఆ కాలపు ఇంగ్లిషు స్టేజికి పూర్తిగా ఎదురు. అక్కడ పెద్ద నటుడు స్టేజి మధ్యలో నిలబడి చేతులూపితే, మిగతావాళ్లు చుట్టూ ఏదో ఒకటి చేస్తూ ఉండేవారు. ఫేల దగ్గర మాట్లాడే మనిషి తప్ప ఇంకెవరూ కదలకూడదు. మాట్లాడే మనిషి కూడా అవసరమైతేనే కదలాలి. ఫ్రాంక్ గొంతు మాస్టారు. ఒక్కో అచ్చునీ వెనక వరుస దాకా పంపించే దాకా వదిలేవాడు కాదు. యేట్స్ ఇంకా ఒక అడుగు ముందుకేసి, నటుల్ని పీపాల్లో నిలబెట్టి రిహార్సల్ చేయించాలన్నాడు, చేతుల సంగతి మరిచి మాట మీద ధ్యాస పెడతారని. వేళాకోళం కాదు, ఆయనే రాసుకున్న మాట. మైకు ముందు నిలబడి చేతులతో గాలి కోసే మన కుర్రవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ పీపాలు కావాలనిపిస్తుంది.

ఆ గుంపులో మదనపల్లె వాళ్లకి తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1902లో ఫే సోదరులు వేసిన తొలి నాటకాల్లో రెండు రాసిన కవి జేమ్స్ కజిన్స్. యేట్స్‌తో పొసగక దూరమై, తర్వాత అనీబిసెంట్ పిలుపు మీద 1915లో ఇండియాకి వచ్చి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యాడు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఆ కాలేజీకి వచ్చి 'జనగణమన' పాడి, అక్కడే దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చినప్పుడు, ఆ పాట బాణీని స్వరపరిచి రాసిపెట్టింది కజిన్స్ భార్య మార్గరెట్. సారా చేరిన నాటక సమాజం మొదటి రోజుల మనిషి మన రాయలసీమలో పిల్లలకి పాఠాలు చెప్పాడన్నమాట.

సారాని అందరూ శాలీ అని పిలిచేవారు. మొదట చిన్నా చితకా వేషాలు. 1904 ఫిబ్రవరి 25న, జాన్ మిల్లింగ్టన్ సింగ్ రాసిన 'రైడర్స్ టు ద సీ' తొలి ప్రదర్శనలో కాథ్లీన్ వేషం వచ్చింది. ఇది అరాన్ దీవుల కథ. మార్యా అనే ముసలితల్లి మామనీ మొగుడినీ కొడుకుల్నీ ఒక్కొక్కరుగా సముద్రానికి అప్పగించింది. నాటకం నడిచే అరగంటలో ఆఖరి కొడుకూ పోతాడు. కాథ్లీన్ ఆ ఇంటి పెద్ద కూతురు. తెర లేవగానే ఆమె రొట్టెపిండి పిసకడం ముగించి, దాన్ని నిప్పుల దగ్గరి గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుని రాట్నం ముందు కూర్చోవాలి. తర్వాత, ఎక్కడో దూరాన ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం మీది మేజోడు చేతిలోకి తీసుకుని, అల్లికలో కుట్లు లెక్కపెట్టి, అది తమ తోడబుట్టినవాడిదేనని తేల్చుకోవాలి. ఏడుపు కన్నా ముందు చేతిపని. స్టేజి మీద దుఃఖాన్ని ఎలా మోయాలో ఆ పిల్ల అక్కడ నేర్చుకుంది. చివర్లో శవం చుట్టూ ఆడవాళ్లు రాగం తీసి ఏడవాలి. మన ఊళ్లలో శోకాలు పెట్టి ఏడ్చే పద్ధతే, అక్కడ పడమటి తీరాన ఉండేది. పట్నంలో పెరిగిన ఈ పిల్లలకి అది రాదు. తెలిసిన ముసలావిణ్ని వెతుక్కుని వెళ్లి నేర్చుకున్నారు.

కొద్ది ఏళ్లకే శాలీ ఆ నాటకంలో కూతురి వేషం వదిలి తల్లి మార్యా వేషానికి మారింది. అప్పటికి ఆమెకి ముప్పై కూడా లేవు, పెళ్లి కాలేదు. కొడుకులందర్నీ పోగొట్టుకున్న ముసలితల్లిగా ఆమె గొంతు విని డబ్లిన్‌లోనూ లండన్‌లోనూ జనం నిశ్శబ్దమైపోయారు. 'సొంత దుఃఖం పాత్రలోకి పోసింది' అనేవాళ్లకి నా జవాబు ఇదే. దుఃఖం రావడానికి పదేళ్ల ముందే ఆమెకి విద్య వచ్చేసింది.

ఆబీ థియేటర్ 1904 డిసెంబరు 27న తెరుచుకుంది. డబ్బు పెట్టింది అనీ హార్నిమన్ అనే ఇంగ్లిషు ఆవిడ. పాత మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ హాలునీ, దాని పక్కనే ఉన్న పాత శవాల గదినీ కలిపి కట్టారు. ఐదు వందల చిల్లర సీట్లు. మొదటి రాత్రి లేడీ గ్రెగరీ రాసిన 'స్ప్రెడింగ్ ద న్యూస్' అనే హాస్యనాటికలో సారా మిసెస్ ఫాలన్. మాట చెవి నుంచి చెవికి పెరిగి, బతికున్న మనిషిని ఊరంతా చంపేసే కథ. మార్యాగా ఏడిపించిన మనిషే ఇందులో నవ్వించింది. ఆబీలో అప్పట్లో ఇది మామూలే. ఈ వారం రాణి, వచ్చే వారం పనిమనిషి.

1907 జనవరి గొడవ గురించి పుస్తకాలే ఉన్నాయి కాబట్టి నాలుగు ముక్కల్లో చెబుతాను. సింగ్ రాసిన 'ద ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్' 26న మొదలైంది. తండ్రిని చంపానని చెప్పుకునే కుర్రాణ్ని ఒక పల్లె హీరోని చేస్తుంది. ఐరిష్ పల్లె ఆడపిల్లల్ని అవమానించారని జనం మండిపడ్డారు. ఆడవాళ్ల లోపలి గౌను మాట స్టేజి మీద వినపడగానే హాలు దద్దరిల్లింది. వారమంతా అరుపులే. హాల్లోకి పోలీసులొచ్చారు. కొన్ని రాత్రులు నటుల పెదాలు కదలడమే కనిపించింది, మాట వినపడలేదు. అయినా ఆట ఆపలేదు. ఇందులో కథానాయిక పెగీన్ మైక్ వేసింది సారా చెల్లెలు మాలీ. స్టేజి పేరు మేరీ ఓనీల్. సారాకి ఇచ్చింది విడో క్విన్, ఆ కుర్రాడి మీద కన్నేసిన గడుసు విధవరాలు.

చెల్లెలికి నాయిక, అక్కకి విధవరాలు. బయట కూడా అంతే. మాలీకి సింగ్‌తో ప్రేమ, నిశ్చితార్థం. పెళ్లి కాకుండానే 1909 మార్చిలో ఆయన పోయాడు. ఆయన పూర్తి చేయలేకపోయిన ఆఖరి నాటకంలో, 1910 జనవరిలో, మాలీ డీర్డ్రగా నిలబడింది. ఆమెని పెంచిన దాది లావర్కమ్ వేషం సారాది. ప్రేమకథ ఉంది కాబట్టి వందేళ్ల తర్వాత 2010లో జోసెఫ్ ఓకానర్ 'గోస్ట్ లైట్' అని మాలీ మీద నవల రాశాడు. మంచి నవలే. కానీ నటనలో ఎవరు పైచేయి అంటే, పోటీయే లేదంటాను, అక్కే. ఇది నా పక్షపాతం, ఉంచుకుంటాను.

డబ్లిన్‌లో కూర్చుంటే గడవదని ఆమె బయటికీ వెళ్లింది. 1908లో మాంచెస్టర్‌లో విలియం పోల్ దర్శకత్వంలో షేక్‌స్పియర్ 'మెజర్ ఫర్ మెజర్'లో ఇసబెల్లా వేసింది. తర్వాత 'పెగ్ ఓ మై హార్ట్' అనే తేలిక నాటకం చేతికొచ్చింది. ఐరిష్ పేదపిల్ల ఇంగ్లిషు గొప్పవాళ్ల ఇంట్లో పడి అందర్నీ మెప్పించే కథ. అది డబ్బులు తెచ్చింది. ఆ నాటకంతోనే 1916లో ఆస్ట్రేలియా వెళ్లి, తనతో వేసే నటుడు జెరాల్డ్ హెన్సన్‌ని అక్కడే పెళ్లాడింది. అక్కడే ఒక మూకీ సినిమాలో కూడా నటించింది, 'జస్ట్ పెగ్గీ'. 1918 జనవరిలో ఆడపిల్ల పుట్టింది, వెంటనే పోయింది. ఆ నవంబరులో ప్రపంచమంతా చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా జెరాల్డ్‌ని తీసుకుపోయింది. సారా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1920లో లండన్ స్టేజి మీద లెనాక్స్ రాబిన్సన్ హాస్యనాటకం 'ద వైట్ హెడెడ్ బాయ్'లో నవ్విస్తూ కనిపించింది.

ఇక జూనో.

1924 మార్చి 3, ఆబీ. నాటకం 'జూనో అండ్ ద పేకాక్'. రాసింది షాన్ ఓకేసీ, నలభై దాటిన కూలీ. డబ్లిన్ పేదల అద్దె గదుల్లోంచి వచ్చి ఆ గదుల గురించే రాశాడు. కాలం 1922, ఐరిష్ అంతర్యుద్ధం. రెండు గదుల ఇల్లు. ఇంటాయన కెప్టెన్ బాయిల్‌కి పని మాట వినపడగానే కాళ్ల నొప్పులొస్తాయి. కల్లుకి మాత్రం కాళ్లు బాగానే నడుస్తాయి. వెంట జాక్సర్ అనే తోక. కొడుకు జానీ పోరాటంలో చెయ్యి పోగొట్టుకున్నాడు. పైగా తన తోటివాణ్ని శత్రువుకి పట్టించిన భయంతో ఇంట్లో దాక్కుని ఉలిక్కిపడుతుంటాడు. కూతురు మేరీ సమ్మెలో ఉంది. ఈ నలుగురికీ వండిపెట్టి, బయట పనిచేసి సంపాదించేది జూనో. ఏదో ఆస్తి వస్తుందని అప్పుచేసి కుర్చీలు, గ్రామఫోను తెచ్చుకుంటారు. ఆస్తి రాదు. విల్లు రాసిన కుర్రాడు మేరీని తల్లిని చేసి పారిపోతాడు.

బాయిల్‌గా బారీ ఫిట్జ్‌జెరాల్డ్, జాక్సర్‌గా ఎఫ్.జె. మెకార్మిక్. వాళ్లిద్దరూ స్టేజి మీదుంటే జనం కడుపు పట్టుకునేవారు. అలాంటి ఇద్దరి మధ్య జూనో వేసే మనిషి పని ఎంత కష్టమో వేషం కట్టినవాళ్లకి తెలుస్తుంది. వాళ్ల నవ్వుని చెడగొట్టకూడదు, అలాగని అందులో కొట్టుకుపోకూడదు. జూనో నోరు పెద్దదే, మొగుణ్ని దులిపేస్తుంది. కానీ ఆ తిట్లన్నీ టీ కాస్తూ, పళ్లెం సర్దుతూ, గుమ్మం వైపు చూస్తూనే. ఫే సోదరుల దగ్గర నేర్చిన పొదుపు ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ పనికొచ్చింది.

రెండో అంకంలో పాటలూ విందూ నడుస్తుండగా, పై అంతస్తులో ఉండే మిసెస్ టాంక్రెడ్ కొడుకు శవం కోసం మెట్లు దిగుతుంది. జానీ పట్టించిన కుర్రాడు అతనే. ఆ తల్లి శోకం పెడుతుంది. జూనో జాలిపడుతుంది గానీ, ఆ కుర్రాడు ప్రభుత్వానికి ఎదురు తిరిగిన పక్షంవాడు కదా, విందు మళ్లీ సాగుతుంది. మూడో అంకంలో జానీని తీసుకెళ్లి కాల్చేస్తారు. అప్పుడు జూనో నోట వచ్చేవి అదే టాంక్రెడ్ తల్లి మాటలు, అదే ప్రార్థన. ఓకేసీ కొత్త మాటలు రాయలేదు. అంతకుముందు ఆ ముసలావిడ కోసం తాను తగినంత ఏడవలేదని జూనోకి అప్పుడు తెలుస్తుంది. నటికి ఇది కత్తిమీద సాము. ప్రేక్షకులు ఆ మాటలు అప్పుడే విని ఉన్నారు. అవే మాటల్ని మొదటిసారి పుట్టినట్టు పలకాలి, విన్నవే అన్న సంగతీ గుర్తుండాలి. యుద్ధం ఆగి ఏడాది కూడా కాలేదు. హాల్లో కొడుకుల్నీ తమ్ముళ్లనీ పోగొట్టుకున్నవాళ్లు, వాళ్లని చంపిన పక్షంవాళ్లు పక్కపక్క సీట్లలో కూర్చుని ఉన్నారు.

మామూలుగా ఒక వారం ఆడే నాటకాన్ని ఆబీ రెండో వారానికి పొడిగించింది. అప్పుల్లో ఉన్న థియేటర్ ఊపిరి పీల్చుకుంది. మరుసటి ఏడాది ప్రభుత్వం 850 పౌండ్ల గ్రాంటు ఇచ్చింది. 1925 చివర్లో లండన్ రాయల్టీ థియేటర్‌లో ఆట మొదలైంది. అక్కడ ఇరుగింటి మిసెస్ మాడిగన్‌గా చెల్లెలు మాలీ. 1926లో ఓకేసీ తరువాతి నాటకం 'ద ప్లవ్ అండ్ ద స్టార్స్' లండన్‌కి వచ్చినప్పుడు సారా బెస్సీ బర్జెస్. తాగి, పోట్లాడి, అందర్నీ తిట్టి, చివరికి పొరుగుపిల్లని కాపాడబోయి తూటాకి పోయే మనిషి.

నాటకం గాలికి పోతుంది, సినిమా మిగులుతుంది అంటారు. సారా విషయంలో మిగిలినది సగమే. హిచ్‌కాక్ 1929లో తీసిన 'బ్లాక్‌మెయిల్' బ్రిటన్ తొలి టాకీల్లో ముఖ్యమైనది. అందులో ఆమె కథానాయిక తల్లి, అంగడి నడిపే ఇల్లాలు. కథానాయిక అనీ ఆండ్రాకి ఇంగ్లిషు యాస కుదరక, కెమెరా పక్కన ఇంకో నటి జోన్ బారీ మాట్లాడుతుంటే పెదాలు కదిపింది. అలాంటి సెట్లో మాట పలకడమే విద్యగా బతికిన సారా ఎంత తేలిగ్గా ఉందో చూడాలి. మరుసటి ఏడాది హిచ్‌కాక్ 'జూనో' తీశాడు, సారానే జూనో. ఆ సినిమా అంటే ఆయనకే అంత గొప్పగా లేదు. నాటకాన్ని కెమెరా ముందు నిలబెట్టాను తప్ప అందులో సినిమా లేదని తర్వాత ఒప్పుకున్నాడు. నిజమే, చాలాచోట్ల కెమెరా గోడకి మేకు కొట్టినట్టుంటుంది. మనకి అదే మేలైంది. ఆ మేకు వల్లే జూనో మనకి దక్కింది.

1936లో బ్రయన్ డెస్మండ్ హర్స్ట్ 'రైడర్స్ టు ద సీ'ని చిన్న సినిమాగా తీశాడు. డబ్బు పెట్టింది గాయని గ్రేసీ ఫీల్డ్స్. మార్యా సారాయే. ఇప్పుడు తెల్లరంగు అక్కర్లేని వయసు.

1940లో జూనోతో బ్రాడ్వే మీదకి వెళ్లి, అటే హాలీవుడ్‌లో ఉండిపోయింది. మరుసటి ఏడాది జాన్ ఫోర్డ్ 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'. వేల్స్ బొగ్గుగని ఊరి కథ. యుద్ధకాలం కాబట్టి కాలిఫోర్నియాలో మాలిబు దగ్గరి కొండల్లో ఊరి సెట్టు వేశారు. తల్లి బెత్ మోర్గన్ సారా, కూతురు మారీన్ ఓహారా. ఆవిడా ఆబీ నుంచే వచ్చింది. బారీ ఫిట్జ్‌జెరాల్డ్, ఆయన తమ్ముడు ఆర్థర్ షీల్డ్స్ కూడా ఉన్నారు. వేల్స్ ఊరి నిండా ఆబీ మనుషులే. యాస సంగతి వేల్స్ వాళ్లు ఎలాగూ క్షమించలేదనుకోండి.

అందులో ఒక సన్నివేశం. సమ్మెలో చేరని భర్త మీద గనివాళ్లు కారాలు మిరియాలు నూరుతుంటారు. మంచు కురిసే రాత్రి, చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని బెత్ వాళ్ల సభకి వెళ్తుంది. నా మొగుడికి ఏమైనా అయితే నా చేతులతో చంపుతానని చెబుతుంది. ఇంకో నటి అయితే అరిచేది. ఈవిడ గొంతు పైకి పోదు, కిందికి దిగుతుంది. ఇంటికొస్తూ తల్లీ కొడుకూ మంచునీళ్లలో పడిపోతారు. తర్వాత చాలాకాలం ఇద్దరూ వేరువేరు మంచాల మీద ఉంటారు. తల్లి పై గదిలో, కొడుకు కింద. కర్రతో నేల మీద కొట్టి కబుర్లాడుకుంటారు. మొహం కూడా సరిగ్గా కనపడకుండా, ఒక కర్ర చప్పుడుతో తల్లిని నమ్మించడం చూడండి.

ఆ సినిమా 'సిటిజన్ కేన్'ని కాదని ఉత్తమ చిత్రం ఆస్కార్ కొట్టింది, మొత్తం ఐదు. తండ్రి వేసిన డోనల్డ్ క్రిస్ప్‌కి సహాయనటుడి ఆస్కార్ వచ్చింది. సారాకి నామినేషన్ వచ్చింది, బహుమతి మేరీ ఆస్టర్‌కి వెళ్లింది.

ఆ తర్వాత హాలీవుడ్ ఆమెకి ఏప్రన్ కట్టింది, విప్పలేదు. 'జేన్ ఐర్'లో దాది, 'ద స్పైరల్ స్టెయిర్‌కేస్'లో నర్సు, 'చీపర్ బై ద డజన్'లో వంటమనిషి. రెండు నిమిషాలు, నాలుగు మాటలు. ఆ నాలుగూ వెనక వరుసకి వినపడతాయి. 1945లో అమెరికా పౌరసత్వం తీసుకుంది. 1950 సెప్టెంబరు 13న కాలిఫోర్నియాలో గుండెపోటుతో పోయింది. చెల్లెలు మాలీ రెండేళ్ల తర్వాత.

చూడాలనుకునేవాళ్లు 'హౌ గ్రీన్' ముందు చూడండి, తేలిగ్గా దొరుకుతుంది, బొమ్మా బాగుంటుంది. 'జూనో' శబ్దం బరబరలాడుతుంది, మొదటి గంట ఓపిక పట్టాలి. పరిషత్తుల్లో అమ్మ వేషాలు వేసే మా పిల్లలకి నేను చెప్పేది ఇంకొకటుంది. ఆవిడ ఏడ్చేటప్పుడు మొహం కాదు, ఏడుపు రాకముందు చేతులు ఏ పనిలో ఉన్నాయో చూడమని.